కంప్యూటరులోని రికార్డు రూము: సిస్టము ఫైళ్ల పుట్టుపూర్వోత్తరములు

ఫైలు అను మాట ఎరుగని ప్రభుత్వోద్యోగి యుండడు. ఉద్యోగమున చేరిన నాటినుండి పదవీ విరమణము నాటివరకు అతని జీవితము ఫైలుతో ముడిపడియే యుండును. ఫైలు కదలినచో పని కదలినట్లు. ఫైలు కనబడకపోయినచో దానిని నమ్ముకొన్న మనిషి హక్కే కనబడకపోయినట్లు. ఈ మాట లాటిను భాషలో దారము అను అర్థము గల పదమునుండి పుట్టినది. ఐరోపా దేశములలో ఒకప్పుడు కచేరీ కాగితములను దారమునకో తీగెకో గ్రుచ్చి భద్రపరచుచుండిరి. తాటాకులకు రంధ్రము చేసి త్రాట బిగించిన మన తెలుగునాటి కవిలెకట్టలును ఆ కోవకు చెందినవే. గ్రామ కరణము అటకపై నుండిన ఆ కట్టలలో ఊరి భూముల చరిత్ర యంతయు నిమిడి యుండెడిది. ఏ యాకు ఎచ్చట నున్నది, కట్ట విప్పు అధికారము ఎవరికి కలదు, ఏది తీసినచో ఏది చెడును అను మర్మము కరణమునకు తెలియును. ఊరివారికి తెలియదు. ఆ తెలియమి వలననే పెక్కుమంది నష్టపడిరి.

నేడు కేంద్ర ప్రభుత్వ కార్యాలయములు పెక్కింటిలో ఫైలు కాగితమును వదలి కంప్యూటరు తెరమీదికి వచ్చినది. ఉద్యోగి తన యంత్రమును తెరచి చూచినచో అందు రెండు తెగల ఫైళ్లు కనబడును. మొదటి తెగవి అతడు స్వయముగా సిద్ధపరచుకొన్నవి: ఉత్తరములు, లెక్కలు, పిల్లల ఛాయాచిత్రములు. రెండవ తెగవి అతడు వ్రాయనివి, పేరు చూచినను బోధపడనివి, ముట్టుకొనబోయినచో యంత్రము అడ్డు చెప్పునవి. ఇవియే సిస్టము ఫైళ్లు. యంత్రము మేలుకొనుటకు, తెర వెలుగుటకు, మీట నొక్కినపుడు అక్షరము పడుటకు, అచ్చుయంత్రము పలుకుటకు కావలసిన ఆజ్ఞలును పట్టికలును వీనియందే యుండును. వీని నన్నిటిని కూర్చి నడుపు మూలవ్యవస్థకు ఆపరేటింగు సిస్టమని పేరు.

ఈ రెండు తెగల నడుమ నేడు గట్టి గోడ కలదు. ఒకనాడు అది లేదు. అది ఒక మహామేధావి ఒక్కనాడు గీచిన పటము ననుసరించి కట్టినదియు కాదు. సుమారు అరువది యేండ్ల కాలమున, ఒక్కొక్క పొరపాటు జరిగినపుడు ఒక్కొక్క యిటుక పేర్చుచు కట్టినది. కావున సిస్టము ఫోల్డరుల పేర్లును వింత నియమములును శాస్త్రము చదివినంత మాత్రమున అర్థము కావు. వాని చరిత్ర తెలిసినపుడే అర్థమగును.

ఒకే యంత్రము, పదిమంది యజమానులు

కంప్యూటరుల తొలినాళ్లలో సామాన్యముగా పరిశోధకుడు తన లెక్కను రంధ్రములు పొడిచిన అట్టముక్కలపై సిద్ధపరచుకొని, ఆ కట్టను యంత్రము నడపువాని చేతి కిచ్చెడివాడు. యంత్రము కట్టను చదివి, లెక్క తేల్చి, ఫలితమును అచ్చువేసి, పిదప మరొకని కట్టను అందుకొనెడిది. అట్టముక్కల కట్ట యజమాని వెంట ఇంటికి పోవును. యంత్రములోపల ఎవరి సొత్తును నిలిచి యుండదు గనుక, ఇది నాది అది నీది అను తగవునకు తావు లేకుండెను.

1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున ఒక క్రొత్త యేర్పాటు ప్రదర్శింపబడెను. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. పలువురు టైపురైటరు వంటి పరికరముల ముందు కూర్చుండి ఒకే యంత్రమును ఒకే సమయమున వాడుకొనుటకు అది వీలు కల్పించెను. యంత్రము క్షణమునకొకరి పని చూచుచు తిరుగుచుండును. ప్రతివాడును అది తన కొక్కనికే సేవ చేయుచున్నదని తలచును. పదిమంది చేరిన తరువాత ఎవరి వ్రాతలను వారికి వేరుగా దాచవలసి వచ్చెను. అందులకై ప్రతివారికి డైరెక్టరీ అను పట్టికను ఏర్పరచి, లోనికి ప్రవేశించుటకు రహస్యపదమును పెట్టిరి. యంత్రమును కాపాడు నిపుణులకును ఒక డైరెక్టరీ కలదు. సిస్టమునకు చెందిన ముఖ్యమైన ఫైళ్లు అందుండెను. ఆ నిపుణులు దానిని ఉమ్మడిగా వాడుకొనుచుండిరి.

ఆ ఉమ్మడి వాడకమే 1966లో ఒక విపరీతమునకు దారితీసెను. ఒక నిపుణుడు ఆనాటి ప్రకటనను దిద్దుచుండెను. అదే సమయమున మరొకడు అందరి రహస్యపదములు గల ఫైలును దిద్దుచుండెను. దిద్దుబాటు చేయు ప్రోగ్రాము తాను పని చేయుచున్నంతసేపు ప్రతిని ఒక తాత్కాలిక ఫైలులో ఉంచును. ఆ తాత్కాలిక ఫైలునకు ఎల్లప్పుడును ఒకే పేరు. ఒక డైరెక్టరీలో ఒకేసారి ఇరువురు దిద్దుబాటుకు కూర్చుందురని దానిని వ్రాసినవారు తలపలేదు. రెండు ప్రతులును తారుమారయ్యెను. అటు పిమ్మట యంత్రమున ప్రవేశించిన ప్రతివాని యెదుటను ఆనాటి ప్రకటనకు మారుగా అందరి రహస్యపదముల పట్టిక అచ్చుపడెను. ఇందు దొంగ లేడు, దురుద్దేశము లేదు. ఒకే అరలో రెండు కాగితములను ఒకే పేరుతో పెట్టుటయే కారణము. కోర్బాటో పండితుడు తరువాతి కాలమున ట్యూరింగు పురస్కార సందర్భమున చేసిన ఉపన్యాసమునందు ఈ సంగతిని దాచక చెప్పి, గొప్ప వ్యవస్థలు ఎట్లు చెడునో వివరించెను.

వేరు పైన, కొమ్మలు క్రింద

అంతలో అదే విద్యాసంస్థయు, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయు, బెల్ ప్రయోగశాలయు కలిసి మల్టిక్స్ అను మరింత పెద్ద వ్యవస్థకు పూనుకొనినవి. దాని ఫైళ్ల యేర్పాటును గూర్చి రాబర్ట్ డేలీ, పీటర్ న్యూమన్ అను ఇరువురు 1965లో ఒక పత్రము ప్రకటించిరి. అందలి ముఖ్యభావము నేడు చాల సామాన్యముగా తోచును: డైరెక్టరీలో ఫైళ్లే గాక మరొక డైరెక్టరీయు ఉండవచ్చును, దానిలో ఇంకొకటి, ఇట్లు ఎంత లోతునకైనను పోవచ్చును. ఏ ఫైలును ఎవరు చదువవచ్చును, ఎవరు మార్చవచ్చును అను నిర్ణయమును ప్రతి ఫైలునకు వేరువేరుగా వ్రాసి పెట్టవచ్చును. బీరువా, బీరువాలో అర, అరలో కట్ట, కట్టలో కాగితము అను కార్యాలయపు క్రమము ఇట్లు యంత్రమునకు సంక్రమించెను.

ఈ యేర్పాటును వృక్షముతో పోల్చుదురు. అన్నిటికి మూలమైన డైరెక్టరీకి రూటు, అనగా వేరు, అని పేరు. పటమున మాత్రము వేరును పైన వ్రాసి కొమ్మలను క్రిందికి దింపుదురు. వేరు పైకిని కొమ్మలు క్రిందికిని ఉండు అశ్వత్థమును గూర్చి భగవద్గీత పదునైదవ అధ్యాయమున చదివినవారికి ఈ చిత్రము క్రొత్తగా తోపదు.

1969లో బెల్ ప్రయోగశాల మల్టిక్స్ నుండి వైదొలగెను. ఆ ప్రయోగశాలలోని కెన్ థాంప్సన్ అదే సంవత్సరము పి.డి.పి.–7 అను చిన్న యంత్రముపై, డెన్నిస్ రిచీ మొదలగు సహచరుల తోడ్పాటుతో, తేలికయైన మరియొక వ్యవస్థకు అంకురార్పణ చేసెను. అదియే యూనిక్స్. దానియందు వాడుక ననుసరించి అరలు ఏర్పడెను. యంత్రము అమలుపరచు ప్రోగ్రాములకు బిన్. పరికరములకు ద్వారము వంటి ఫైళ్లకు డెవ్. పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను భాగములకు లిబ్. కొంతసేపు ఉండి పోవు వానికి టెంప్. ఏ యరలోను ఇమడని వానికి ఇత్యాదులు అను అర్థము గల ఇటిసి. కేంద్ర ప్రభుత్వ రికార్డులకు ఎ, బి, సి అను తరగతు లున్నవని ఉద్యోగులు ఎరుగుదురు. సి తరగతి కాగితము నిర్ణీత కాలము గడచిన పిమ్మట తీసివేయదగినది. టెంప్ అను అర అట్టిది. ఇత్యాదుల అర మాత్రము తన పేరునకు విరుద్ధముగా పెరిగినది: రానురాను యంత్రపు కట్టుబాట్లన్నియు అందే చేరెను. నేడు అది మిగిలిపోయిన వస్తువుల మూల గాక వ్యవస్థకు నియమావళి యైనది.

ఆనాటి ఇరుకు నేటికిని కనబడు మరొక గుర్తును విడిచినది. ఆ యంత్రముల డిస్కులు మిక్కిలి చిన్నవి. ఒక్కొక్క డిస్కుపెట్టెలో సుమారు 25 లక్షల బైట్లు మాత్రమే పట్టును. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమే పలుమార్లు అంతకు మించును. మూలవ్యవస్థ ఒక డిస్కుపై, వాడుకరుల ఇండ్లు యు.ఎస్.ఆర్. అను పేర మరొక డిస్కుపై నుండెను. మొదటిది నిండిపోగా ప్రోగ్రాములలో కొన్నింటిని వాడుకరుల డిస్కుమీదికి తరలించి, అచ్చట మరియొక బిన్ ఏర్పరచిరి. తరువాత వాడుకరులు హోమ్ అను వేరొక చోటికి పోయిరి, యు.ఎస్.ఆర్. అను పేరు మాత్రము సిస్టమునకు మిగిలిపోయెను. డిస్కులు వేల లక్షల రెట్లు పెరిగినను రెండు బిన్ అరలును అట్లే నిలిచెను. ఎందులకు రెండు అని అడిగిన క్రొత్తవారికి పెద్దలు పలువిధముల సిద్ధాంతములు చెప్పుచు వచ్చిరి. చివరకు 2012లో వెలువడిన ఫెడోరా 17 అను లినక్సు పంపిణీ రెంటిని ఒకటి చేసెను. కారణము పోయిన పిమ్మటను నియమము నలుబది యేండ్లు బ్రతుకుట కచేరీలలోనే కాదు, కంప్యూటరులలోను కలదు.

ఇంటి యంత్రము: గోడ లేని ఇల్లు

యూనిక్స్ పెద్ద సంస్థల యంత్రము. ఇంటికిని చిన్న కార్యాలయమునకును వచ్చిన కంప్యూటరు వంశము వేరు. గేరీ కిల్డాల్ 1974లో సృష్టించిన సి.పి./ఎం. అను చిన్న వ్యవస్థ దానికి పెద్ద. డిస్కులను ఎ, బి అను అక్షరములతో పిలుచుట, ఫైలు పేరును ఎనిమిది అక్షరములకును దాని జాతిని తెలుపు తోకను మూడక్షరములకును పరిమితము చేయుట అను వాడుకలు అటనుండి వచ్చినవే. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినపుడు దాని వెంట వచ్చిన డాస్ ఆ పద్ధతినే అనుసరించెను. ఆనాటి ఫ్లాపీ డిస్కులో 160 కిలోబైట్లు పట్టును. పట్టికలో 64 ఫైళ్లకు మించి చోటు లేదు. ఫోల్డరు అను మాటయే లేదు. అరువదినాలుగు కాగితములకు బీరువా యెందులకు?

1983 మార్చిలో అదే కంపెనీ పది మెగాబైట్ల స్థిరమైన డిస్కు గల యంత్రమును తెచ్చెను. ఎ, బి అను అక్షరములు ఫ్లాపీలకు చెంది యుండుటచే ఈ డిస్కునకు సి అను అక్షరము దక్కెను. ఫ్లాపీలు కనుమరుగై ఎంతో కాలమైనను డిస్కు పేరు సి గానే యుండుటకు ఇదియే కారణము. వందలకొలది ఫైళ్లు ఒక పట్టికలో ఇమడవు గనుక డాస్ రెండవ కూర్పు యూనిక్స్ వలె డైరెక్టరీల వృక్షమును అరువు తెచ్చుకొనెను. యూనిక్స్ లో డైరెక్టరీల పేర్లను విడదీయు ఏటవాలు గీతను డాస్ అంతకు మునుపే వేరొక పనికి వాడియుండుటచే, గీతను వెనుకకు వాల్చి వాడుకొనిరి. నేటికిని విండోస్ యంత్రములలో ఆ వెనుకవాలు గీతయే నడచుచున్నది.

డాస్ యంత్రమును మేలుకొలుపు ముఖ్యమైన ఫైళ్లు మూడే. వానిలో రెంటిని పట్టికలో కనబడకుండ మరుగుపరచిరి. ఇది సిస్టమునకు చెందినది అను గుర్తునొకదానిని వానికి తగిలించిరి. అది తలుపునకు కట్టిన తెర వంటిదే కాని తాళము కాదు. యంత్రము ముందు కూర్చున్నవాడు తలచుకొన్నచో ఆ గుర్తును తొలగించి ఫైలును చెరిపివేయవచ్చును. ఇంటి యంత్రమునకు యజమాని ఒక్కడే గదా, అతని నెవరినుండి కాపాడవలెను అని నాటివారి భావము. యజమానిని యజమానినుండియే కాపాడవలసిన దినము వచ్చునని వారు ఊహింపలేదు.

ఫోల్డరు అను బొమ్మ

డైరెక్టరీకి ఫోల్డరు అను రూపము మరొక మార్గమున వచ్చెను. 1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అను యంత్రమును తెచ్చెను. తెరను కార్యాలయపు బల్లగా భావించి, దానిపై కాగితము, అట్ట ఫోల్డరు, బీరువా సొరుగు మున్నగు బొమ్మలను అది చూపెను. ఈ మార్గమును లక్షలమంది కడకు చేర్చినది 1984 జనవరిలో వెలువడిన ఆపిల్ కంపెనీవారి మెకింటోష్. అదే నెలలో ఆంధ్రప్రదేశమున గ్రామ కరణముల పదవులు రద్దయ్యెను. కవిలెకట్టలవారి కాలము ముగిసిన నెలలోనే తెరమీది ఫోల్డరు కాలము ఆరంభ మగుట చరిత్రలోని యొక కాకతాళీయము.

తొలి మెకింటోష్ లోని ఫోల్డరులు నిజమైనవి కావు. తెరపై అవి వేరువేరుగా కనబడినను డిస్కుమీద ఫైళ్లన్నియు ఒకే పట్టికలో నుండెను. అందుచే రెండు వేరు ఫోల్డరులలోనైనను ఒకే పేరు గల రెండు ఫైళ్లు ఉండుటకు వీలులేకుండెను. 1985లో వచ్చిన క్రొత్త పద్ధతి ఆ లోపమును దిద్ది బొమ్మను నిజము చేసెను. సిస్టము ఫోల్డరు అను స్పష్టమైన పేరును, ఇది యంత్రపు సొత్తు అను భావమును సామాన్యుని కంటి యెదుట నిలిపిన ఘనత మెకింటోష్ నకు చెందును. మైక్రోసాఫ్ట్ వారు 1995 ఆగస్టులో విండోస్ 95 తెచ్చినపుడు తామును డైరెక్టరీ అను మాటను ప్రక్కకు నెట్టి ఫోల్డరు అని పిలువసాగిరి. ఎనిమిదక్షరముల పేరు అను సంకెలయు అప్పుడే వీడెను.

ఉమ్మడి సొత్తుపై తగవులు

అయినను విండోస్ సిస్టము ఫోల్డరులో ఒక పెద్ద రోగము ప్రబలెను. పలు ప్రోగ్రాములకు కావలసిన ఉమ్మడి భాగములను డి.ఎల్.ఎల్. అను జాతి ఫైళ్లలో ఉంచెడివారు. ఊరి బావి వలె అందరును ఒకే ఫైలునుండి తోడుకొనవచ్చును, చోటు మిగులును. క్రొత్త ప్రోగ్రామును ఎక్కించునపుడు అది తన వెంట తెచ్చుకొన్న ఉమ్మడి ఫైలును పాతదానిపై వ్రాసివేయుచుండెను. ఇందుచే ఇతర ప్రోగ్రాములు చెడుచుండెను. నిన్నటివరకు చక్కగా నడచిన లెక్కల ప్రోగ్రాము నేడు పిల్లల ఆట నొకదానిని ఎక్కించినందుకు నిలిచిపోవును. కారణము తెలియని వాడుకరి తన చేతివాటమును నిందించుకొనును. నిపుణులు ఈ దశకు డి.ఎల్.ఎల్. నరకమని పేరు పెట్టిరి.

2000లో వచ్చిన విండోస్ 2000 దీనికి తొలి గట్టి చికిత్స చేసెను. ముఖ్యమైన సిస్టము ఫైలును ఎవరైన మార్చినచో వ్యవస్థయే గమనించి, దాచియుంచిన మంచి ప్రతిని మరల యథాస్థానమున నుంచును. తరువాత కొన్నేండ్లకు వచ్చిన విస్టా ఇంకొక మెట్టెక్కి, అట్టి ఫైళ్ల యాజమాన్యమును యంత్రపు యజమానికి గాక, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అను అంతరంగిక సేవకుని కప్పగించెను. ఆపిల్ వారు 2015లో సిస్టము ఫోల్డరును సర్వాధికారియైన రూటు వాడుకరి సైతము మార్చజాలకుండ చేసిరి. 2019లో దానిని చదువుటకే గాని వ్రాయుటకు వీలులేని ప్రత్యేక భాగముగా వేరుపరచిరి. తెర కట్టిన తలుపు ఇట్లు తాళము వేసిన గది యయ్యెను.

ఈ గదులలోని పేర్లును మోసపుచ్చునవే. 1993లో విండోస్ ఎన్.టి. వెలువడినపుడు ముప్పదిరెండు బిట్ల పద్ధతి క్రొత్తది గాన ఫోల్డరునకు సిస్టమ్32 అని పేరు పెట్టిరి. తరువాత అరువదినాలుగు బిట్ల విండోస్ వచ్చెను. అప్పటికే అసంఖ్యాకమైన ప్రోగ్రాములు సిస్టమ్32 అను పేరును నమ్ముకొని యుండుటచే దానిని మార్చుటకు సాహసింపలేకపోయిరి. ఫలితముగా నేటి యంత్రములో అరువదినాలుగు బిట్ల ఫైళ్లు సిస్టమ్32 అను ఫోల్డరులోను, ముప్పదిరెండు బిట్ల ఫైళ్లు సిస్‌వావ్64 అను ఫోల్డరులోను ఉండును. పేరును బట్టి లోపలి వస్తువును ఊహించి, అనవసరమని తలచి చెరుపబోవువాడు తప్పక చిక్కులలో పడును.

పుకారు చెరిపిన ఫైళ్లు

తాళము బిగియకమునుపు జరిగిన యొక విషయమును మరువరాదు. 2001లో లోకమంతట ఒక యీమెయిలు వ్యాపించెను. సల్ఫ్‌న్‌బికె అను పేరు గల ఫైలు యంత్రములో నున్నదేమో వెదకుమని, ఉన్నచో అది వైరసని, జూన్ 1న మేలుకొని సర్వమును నాశనము చేయునని, వెంటనే చెరిపివేసి స్నేహితులకు తెలుపుమని అందలి సారాంశము. జనులు వెదకిరి, ఫైలు కనబడెను, భయపడి చెరిపివేసిరి, తమ బంధుమిత్రులను హెచ్చరించిరి. నిజమునకు అది విండోస్ తోనే వచ్చిన ఫైలు, పొడవైన ఫైలు పేర్లను కాపాడు చిన్న పనిముట్టు. మరుసటి యేడు 2002లో అటువంటిదే మరొక పుకారు ఎలుగుబంటి బొమ్మ గుర్తుగా గల వేరొక విండోస్ ఫైలునకు చుట్టుకొనెను. అదియు మంచిదే.

ఇందలి విశేషమేమన, వైరసు వ్రాయు కష్టము గూడ ఎవరును పడలేదు. ఒక్క జాబు చాలెను; మిగిలిన పని మనుష్యుల భయమే చేసెను. మేలు కోరియే మిత్రుడు మిత్రునికి చెప్పెను. కట్టలో ఏ యాకు దేనికో తెలియని ఊరివాని అవస్థ నూతన యుగమున నిట్లు పునరావృత్తమయ్యెను.

ఒక ఫైలు, ఎనుబదియైదు లక్షల యంత్రములు

గోడ ఎంత గట్టిదైనను ద్వారపాలకుని లోపలికి రానీయక తప్పదు. వైరసులనుండి కాపాడు ప్రోగ్రాములు యంత్రపు గర్భగుడిలో నుండియే పని చేయవలెను. 2024 జూలై 19న, శుక్రవారము, క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ తన ప్రోగ్రామునకు సంబంధించిన ఒక చిన్న ఫైలును లోకమునందలి యంత్రములకు పంపెను. అది సిస్టమ్32 లోపలి డ్రైవర్స్ ఫోల్డరునందు చేరెను. దానియందలి దోషము వలన విండోస్ యంత్రములు నీలి తెర చూపి నిలిచిపోవుచు, మరల లేవబోయి మరల పడిపోవుచుండెను. మనదేశ కాలమాన ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు వెలువడిన ఆ ఫైలును 10 గంటల 57 నిమిషములకు ఉపసంహరించిరి. ఆ స్వల్పకాలములోనే సుమారు 85 లక్షల యంత్రములు దెబ్బతినినట్లు మైక్రోసాఫ్ట్ అంచనా వేసెను. ఆసుపత్రులు, బ్యాంకులు, విమానములు అంతటను అంతరాయము కలిగెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. అన్ని యంత్రములు మూగవోయిన వేళ కలము, కాగితము ఆదుకొనెను.

చికిత్స వినుటకు అతిసామాన్యము. యంత్రమును సేఫ్ మోడ్ అను కనీసపు స్థితిలో లేపి, ఆ ఫోల్డరు తెరచి, ఫలానా సంఖ్యతో మొదలగు ఆ ఒక్క ఫైలును చెరిపి, మరల లేపవలెను. కాని యంత్రము లేవనిదే దూరమునుండి చేయి సాచుటకు వీలు లేదు. అందుచే పెక్కుచోట్ల ఉద్యోగులు బల్లబల్లకు తిరిగి ఒక్కొక్క యంత్రమును చేతితో స్వస్థపరచవలసి వచ్చెను. 2001లో జనులు చెరుపరాని ఫైలును చెరిపిరి; 2024లో చెరుపవలసిన ఫైలు ఎదుట నిలిచిరి. రెండు సందర్భములందును చేయు పని యొకటియే. దానిని మేలుగా మార్చినది ఏది ఎచ్చట నున్నది, ఎవరిది, ఎందులకున్నది అను తెలివి మాత్రమే.

తెలుగు లిపియు సిస్టము ఫైలే

ఈ తెలివి తెలుగువారికి మరింత దగ్గరిది. తెరపై తెలుగు అక్షరము కనబడుటయు సిస్టము ఫైళ్ల చలవయే. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణమున తెలుగు లిపికి స్థానము లభించెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ తన ఫాంట్స్ ఫోల్డరులో గోదావరి పేరును తలపించు గౌతమి అను తెలుగు ఫాంటును తెచ్చెను. 2012లోని విండోస్ 8 నుండి నిర్మల అను ఫాంటు వచ్చి చేరెను. ఒత్తులను గుణింతములను అక్షరమునకు అతికించుటకు యూనిస్క్రైబ్ అను ఫైలు సిస్టమ్32 లో పని చేయుచు వచ్చెను. ఇట్టి ఏర్పాటు లేని యంత్రమున తెలుగు జాబు ఖాళీ పెట్టెల వరుసగా కనబడును. జాబు చెడలేదు, చదివించు సాధనము లేదు, అంతే.

ఫైలునకు తెలుగు పేరు పెట్టుటయు నేడు సాధ్యము. కాని అందును ఒక లెక్క కలదు. లినక్సులో సామాన్యముగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షర మొక బైటుతో సరిపోవును. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమున స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము అని ఆరు సంకేతము లున్నవి. అనగా పదునెనిమిది బైట్లు. కావున తెలుగు పేరు 85 సంకేతములతో ఆగవలెను. పొడవైన తెలుగు పేరును యంత్రము నిరాకరించినచో అది భాషపై ద్వేషము కాదు, కొలపాత్ర నిండుట మాత్రమే.

ఈ చరిత్ర యంతటినుండియు వాడుకరి గ్రహింపవలసినది కొలది మాటలలో చెప్పవచ్చును. తాను సృష్టించిన ఫైలు తనది. దానికి నకలు తీసి వేరొక చోట దాచుట తన బాధ్యత. సిస్టము ఫోల్డరులోని ఫైలు వ్యవస్థది. దానిని తెచ్చిన ప్రోగ్రాము ద్వారానే అది పోవలెను గాని చేతితో పెరుకరాదు. చోటు చాలనపుడు మొదట చూడవలసినది తాత్కాలిక ఫైళ్ల అరయే గాని సిస్టమ్32 కాదు. చెరుపుమని ఎవరేని చెప్పినచో, చెప్పినవాడు ఆప్తుడైనను, ఆ ఫైలు దేనిదో విచారించిన పిమ్మటనే చేయి కదపవలెను.

రికార్డు రూమునకు తాళముండుట ఎవరిని అజ్ఞానమున నుంచుటకు గాదు. అందున్నవి పదిమందికి అవసరమగుటచేత. అయితే లోపల ఏమున్నదో తెలిసినవారు నలుగురైనను ప్రతి కార్యాలయమునను ఉండవలెను. కరణ మొక్కనికే తెలిసిన విద్య ఊరిని అతనికి లోబరచెను. కంప్యూటరు విషయమున అట్టి గతి మరల పట్టకుండుట చదువుకొన్న ప్రతివాని చేతిలో నున్నది.